ఇంట్లోవారికి చేతికుట్టు కానుక: పేరు కుట్టిన దిండు గలీబు తయారుచేయడం ఎలా?

కుట్టుపని కొత్తగా మొదలుపెట్టినవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లోవారికి స్వయంగా ఏదైనా కుట్టి ఇవ్వాలని ఉంది, మొదటిసారికి ఏది కుట్టాలి, అది నాలుగు ఉతుకులకే పాడైపోకుండా ఎలా కుట్టాలి అని. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. పేరు ఎంబ్రాయిడరీ చేసిన 16 అంగుళాల చదరపు దిండు గలీబును, మిషను అవసరం లేకుండా, మొదటినుంచి చివరివరకు ఎలా కుట్టాలో ఇందులో వివరిస్తున్నాను.

దిండు గలీబునే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దీనికి మనిషి కొలతలు అవసరం లేదు కనుక, కుట్టి ఇచ్చిన తరువాత బిగుతైందనో వదులైందనో పక్కన పడేసే ప్రమాదం లేదు. కుట్లన్నీ తిన్నని గీతల మీదే సాగుతాయి. వెనుకవైపు రెండు బట్టలు ఒకదానిమీద ఒకటి కప్పుకొనే పద్ధతిలో కుడితే జిప్పు, గుండీలు, కాజాలు ఏవీ అక్కర్లేదు. ముఖ్యంగా ఇది రోజూ వాడే వస్తువు. చేత్తో కుట్టిన కానుకను బీరువాలో దాచిపెట్టుకోవడం కంటే రోజూ తల కింద పెట్టుకొని, మాసినప్పుడు ఉతికి, మళ్లీ వాడుకోవడమే కుట్టినవారికి నిజమైన సంతోషమని నేను నమ్ముతాను. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి జాగ్రత్త వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే, ఈ గలీబు వాడుకకు, ఉతుకుకు తట్టుకోవాలి.

కావలసినవి

బట్ట: ఒక మీటరు నూలు బట్ట, కనీసం 36 అంగుళాల పన్నా ఉన్నది. నేత మధ్యరకంగా, దళసరిగా ఉండాలి. మరీ పల్చని బట్టలో వెనుక దారాలు పైకి కనిపిస్తాయి, సాగే బట్టలో అక్షరాలు వంకరపోతాయి. మొదటిసారికి లేత రంగు, ఏ డిజైనూ లేని బట్ట తీసుకోండి.

ఎంబ్రాయిడరీ దారం: ఆరు పోగులు కలిసి ఉండే కాటన్ దారం, అక్షరాలకు ఒక రంగు, పువ్వుకు ఒకటి, ఆకులకు ఒకటి. ఈ దారపు చుట్టలు సాధారణంగా 8 మీటర్ల పొడవుంటాయి కాబట్టి రంగుకు ఒకటి సరిపోతుంది.

సూదులు: ఎంబ్రాయిడరీకి పొడవైన కన్ను ఉన్న 7 లేదా 8 నంబరు సూది, అతుకులకు మామూలు కుట్టుసూది. చేతికుట్టు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి.

మిగిలినవి: 6 లేదా 7 అంగుళాల ఎంబ్రాయిడరీ ఫ్రేము, బట్ట రంగుకు సరిపోయే కుట్టుదారం, గుండుసూదులు, టేపు, స్కేలు, బట్ట కత్తిరించే కత్తెర, దారాలు తుంచడానికి మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర, నీళ్లు తగిలితే చెరిగిపోయే మార్కర్ పెన్ను, ఇస్త్రీ పెట్టె. తేనెమైనం ముక్క ఒకటి ఉంటే చేతికుట్టుకు చాలా మేలు. వేలితొడుగు అలవాటున్నవారు అది కూడా దగ్గర పెట్టుకోండి.

సమయం: రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు కేటాయించుకోండి. కానుక ఇవ్వవలసిన రోజుకు ముందురాత్రి కూర్చుని కుట్టేవారికి కుట్టు మీద విసుగే మిగులుతుంది, పనితనం కూడా దెబ్బతింటుంది. పగటి వెలుతురులో, దీపమైతే సూది పట్టని చేతివైపు నుంచి వెలుగు పడేలా కూర్చోండి. అరగంటకొకసారి చూపు దూరంగా నిలిపి, మెడ, వేళ్లు కదిలించండి.

కుట్టే పద్ధతి

1. బట్టను ముందే తడిపి ఆరబెట్టండి. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. కుట్టిన తరువాత బట్ట కుంచించుకుంటే, కుంచించుకోని దారం చుట్టూ ముడతలు పడి అక్షరాలు ఉబ్బెత్తుగా, వికారంగా కనిపిస్తాయి. ఇంట్లో రేపు ఏ నీళ్లతో ఉతుకుతారో ఆ నీళ్లతోనే ఇప్పుడు ఉతకండి. కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి.

2. దారం రంగు పోతుందో లేదో చూడండి. ఎరుపు, నలుపు, ముదురు నీలం దారాలతో ఈ పరీక్ష తప్పనిసరి. జానెడు దారాన్ని తడిపి, తెల్లని పాత గుడ్డ మడతలో పెట్టి వేడి ఇస్త్రీ పెట్టెతో అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం ఈ పనికి పనికిరాదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట మీద ఆధారపడకండి, వేరే దారం తీసుకోవడమే మంచిది.

3. ముక్కలు కత్తిరించండి. ముందుభాగానికి 20 × 20 అంగుళాల ముక్క ఒకటి, వెనుకభాగానికి 17 × 11½ అంగుళాల ముక్కలు రెండు కావాలి. ముందుముక్క చివరికి 17 × 17 అంగుళాలకు దిగుతుంది, కానీ ఫ్రేములో బిగించడానికి చుట్టూ బట్ట ఉండాలి కనుక ఇప్పుడు పెద్దదిగానే ఉంచండి. గీత తిన్నగా రావాలంటే బట్ట అంచున చిన్న గాటు పెట్టి, ఒక పోగును పట్టుకొని మెల్లగా లాగండి. పోగు వచ్చిన దారిలో సన్నని ఖాళీ గీత ఏర్పడుతుంది, దాని వెంట కత్తిరిస్తే ముక్క నేతకు సరిగ్గా సమాంతరంగా వస్తుంది. ఐమూలగా కత్తిరించిన ముక్క ఎంత జాగ్రత్తగా కుట్టినా చివరికి ఒకవైపు లాగుకుపోతుంది.

4. పేరు రాసుకోండి. పేరే కానక్కర్లేదు, "అమ్మమ్మ", "తాతయ్య", "పిన్ని" అని మీరు పిలిచే పిలుపు కుడితే ఇంకా బాగుంటుంది. దిండు లోపల దూర్చాక అంచులు వెనక్కి వంగిపోతాయి కాబట్టి, పూర్తయిన 16 అంగుళాల గలీబులో నాలుగు వైపులా 3 అంగుళాలు వదిలేసి మధ్యనున్న 10 అంగుళాల స్థలంలోనే పేరు ఇమడాలి. ముందు కాగితం మీద అసలు పరిమాణంలో, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల ఎత్తున రాయండి. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు, తలకట్లు ఉంటాయి కాబట్టి అక్షరం ఎత్తును మాత్రమే లెక్కపెట్టుకుంటే పేరు మొత్తం పైకో కిందికో జరిగినట్టు కనిపిస్తుంది. "అమ్మమ్మ" అని రాసినప్పుడు మ వత్తులు కిందికి దిగే చోటు కూడా కలుపుకొని మధ్యగీత నిర్ణయించండి. అక్షరానికి, దాని వత్తుకు మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే దారం మందానికి రెండూ కలిసిపోయి చదవడానికి వీలుకాదు.

5. పేరును బట్ట మీదికి ఎక్కించండి. ముందుముక్కను నిలువుగా, అడ్డంగా మడిచి, మడతల మీద కచ్చా కుట్టు (తరువాత విప్పేసే పొడవాటి కుట్లు) వేస్తే నడిమి భాగం స్పష్టంగా తెలుస్తుంది. పగటిపూట కిటికీ అద్దానికి కాగితాన్ని అంటించి, దానిమీద బట్టను పరిచి, కనిపించే గీతలను మార్కర్ పెన్నుతో దిద్దండి. ముదురు రంగు బట్ట తీసుకున్నవారికి ఈ పద్ధతి పనిచేయదు, వారు బట్టలకు వాడే లేతరంగు కార్బన్ కాగితాన్ని మధ్యలో పెట్టి దిద్దుకోవాలి. ఇక్కడొక హెచ్చరిక: నీళ్లకు చెరిగే పెన్ను గీతల మీద, వాటిని కడగకముందు ఇస్త్రీ పెట్టకూడదు. వేడికి ఆ గీతలు బట్టలోకి పాతుకుపోయి తరువాత ఎంత ఉతికినా పోవు. వేడికి మాయమయ్యే పెన్నులు కూడా దొరుకుతాయి గాని, చలికి ఆ గీతలు మళ్లీ పైకి తేలే అవకాశం ఉంది, అందుకని కానుకకు అవి వద్దు.

6. ఫ్రేము బిగించండి. లోపలి చట్రానికి నూలు గుడ్డ పట్టీ చుట్టుకుంటే బట్ట జారదు, చట్రపు గుర్తులు కూడా పడవు. వేలితో తట్టినప్పుడు బట్ట గట్టిగా పలకాలి, కానీ నేత వంకరపోయేలా ఐమూలగా లాగకూడదు. కుడిచేతివాటం వారు ఫ్రేమును బిగించే మరను ఎడమ చేతి వైపు పైభాగాన ఉంచుకుంటే దారం దానికి చిక్కుకోదు. పని ఆపిన ప్రతిసారీ ఫ్రేము తీసేయండి. రాత్రంతా బిగించి వదిలేసిన ఫ్రేము గుర్తు తేలిగ్గా పోదు.

7. దారం సిద్ధం చేసుకోండి. మూర పొడవు, అంటే 18 అంగుళాలకు మించకుండా తుంచండి. పొడవు దారం తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందని కొత్తవారు అనుకుంటారు, నిజానికి అది బట్టలోంచి ఎక్కువసార్లు దూరి నూగు లేస్తుంది, ముడులు పడుతుంది. ఆరు పోగుల నుంచి ఒక్కొక్క పోగునే పైకి లాగి వేరుచేసి, ఆ తరువాత కావలసినన్ని కలిపి పట్టుకోండి. అక్షరాలకు మూడు పోగులు, పువ్వుకు, ఆకులకు రెండు పోగులు సరిపోతాయి. ఇలా విడదీసి కలిపిన పోగులు పక్కపక్కన ఒదిగి, కుట్టు నున్నగా వస్తుంది. చివర ముడి వేయకండి. ముడులు తలకు, చెంపకు గుచ్చుకుంటాయి, ఉతికినప్పుడు జారిపోతాయి కూడా. రెండంగుళాల కొస వెనుక వదిలి మొదలుపెట్టి, తరువాత ఆ కొసను సూదికి ఎక్కించి వెనుకనున్న నాలుగైదు కుట్ల కిందుగా దూర్చండి. దారం అయిపోయినప్పుడూ ఇదే పద్ధతి.

8. అక్షరాలను కాడ కుట్టుతో కుట్టండి. తెలుగు అక్షరాల గుండ్రని వంపులకు ఇంతకంటే ఒదిగే కుట్టు లేదు. గీత మొదట్లో సూదిని పైకి తీసి, గీత వెంట ఒక బియ్యపుగింజ పొడవు ముందుకు వెళ్లి కిందికి దించండి. దారం పూర్తిగా బిగుసుకోకముందే, ఆ కుట్టు సగం దూరంలో, గీత మీదనే సూదిని పైకి తెచ్చి అప్పుడు లాగండి. తరువాతి కుట్టు అంతే పొడవు ముందుకు వెళ్తుంది, సూది మాత్రం ఇంతకుముందు కుట్టు ముగిసిన రంధ్రం దగ్గరే పైకి వస్తుంది. కుట్టు ఎడమనుంచి కుడికి సాగుతుంది, ఎడమచేతివాటం వారికి కుడినుంచి ఎడమకు. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన, ఉదాహరణకు ఎప్పుడూ కిందివైపే, ఉండాలి. ఒక్కసారి పైకి మారినా అక్కడ పురి తెగినట్టు కనిపిస్తుంది.

వంపుల దగ్గర కుట్టు పొడవును సగానికి తగ్గించండి. అ లోని చిన్న చుట్టు, సున్న, మ చివరి కొమ్ము వంటి చోట్ల రెండు మిల్లీమీటర్ల కుట్లు వేస్తేనే గుండ్రంగా వస్తాయి, పొడవు కుట్లు వేస్తే కోణాలు పడతాయి. తలకట్టు మొన దగ్గర వంపు తిప్పడానికి ప్రయత్నించకుండా, ఒక గీత ముగించి, దారాన్ని వెనుక కుట్ల కింద దూర్చి, అదే రంధ్రం నుంచి రెండో గీత కొత్తగా మొదలుపెట్టండి. అప్పుడు మొన పదునుగా నిలుస్తుంది. ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి వెళ్లేటప్పుడు వెనుక దారాన్ని అర అంగుళానికి మించి లాగకండి. అంతకంటే దూరమైతే తెంచి మళ్లీ మొదలుపెట్టాలి. లేత బట్ట మీద ముదురు దారమైతే ఆ పొడవు దారాలు నీడల్లా ముందుకు కనిపిస్తాయి, దిండు దూర్చేటప్పుడు వేళ్లకు తగులుకుంటాయి.

కాడ కుట్టు కుదరనివారు గొలుసు కుట్టు (ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు తీస్తూ సాగే కుట్టు) వేయవచ్చు. గీత మందంగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక చూపు తగ్గిన పెద్దవారికి ఇచ్చే గలీబుకు అదే మేలు. దారం మాత్రం ఎక్కువ పడుతుంది.

9. పేరు పక్కన ఒక చిన్న పువ్వు కుట్టండి. ఐదు రేకులను విడివిడి గొలుసు కుట్లుగా వేయండి. నడిమి నుంచి సూది పైకి తీసి, అదే రంధ్రంలో దించి, వెనక్కి పూర్తిగా లాగకముందే రేకు కొనలో పైకి తెచ్చి, దారపు ఉచ్చును సూది కింద ఉంచి మెల్లగా లాగితే రేకు ఆకారం వస్తుంది. కొనపైన చిన్న కుట్టు వేసి దాన్ని కట్టేయండి. ఉచ్చును గట్టిగా లాగితే రేకు కాస్తా గీతగా మారిపోతుంది. ఒక్క పువ్వు, రెండు ఆకులు చాలు, పేరు చుట్టూ తోట వేయవలసిన పనిలేదు. పసిపిల్లలు ఉండే ఇంటికి ఇచ్చేటట్టయితే పూసలు, అద్దాలు, గుండీలు కుట్టకండి. ఏడాది నిండని బిడ్డ పడుకొనే చోట అసలు దిండే ఉండకూడదు, కాబట్టి వారికి ఈ కానుక కాక మరొకటి ఆలోచించండి.

10. గీతలు కడిగి, ఇస్త్రీ చేయండి. చల్లని నీళ్లలో ముంచి, పెన్ను గీతలు పూర్తిగా పోయేవరకు ఉంచండి. పిండకుండా తుండుగుడ్డలో చుట్టి అదమండి. దళసరి తుండు మీద ఎంబ్రాయిడరీ వైపు కిందికి ఉండేలా బోర్లా పరిచి, వెనుకనుంచి ఇస్త్రీ చేస్తే కుట్లు అణిగిపోకుండా ఉబ్బుగా నిలుస్తాయి. ఇప్పుడు నడిమి గుర్తుల నుంచి నాలుగు వైపులా 8½ అంగుళాలు కొలిచి, ముందుముక్కను 17 × 17 అంగుళాలకు కత్తిరించండి. కచ్చా కుట్టు గుర్తులు ఆ తరువాతే విప్పండి.

11. వెనుక ముక్కల అంచులు మడిచి కుట్టండి. రెండు ముక్కలకూ 17 అంగుళాల పొడవున్న ఒక అంచును అర అంగుళం, మళ్లీ అర అంగుళం మడిచి హెమ్మింగ్ చేయండి, అంటే మడత అంచును చిన్న చిన్న కుట్లతో బట్టకు పట్టించండి. ఇప్పుడు ఒక్కొక్క ముక్క వెడల్పు 10½ అంగుళాలకు వస్తుంది, రెండూ నడుమ 4 అంగుళాల మేర కప్పుకొంటాయి. ఇంతకంటే తక్కువ కప్పితే దిండు ఒత్తిడికి వెనుక నోరు తెరుచుకుంటుంది.

12. ముక్కలను అమర్చండి. ముందుముక్క మంచివైపు పైకి ఉండేలా పరచండి. వెనుక ముక్కల మంచివైపు కిందికి ఉండాలి. పేరు తలవైపు వచ్చే ముక్కను ముందుగా పెట్టి, దానిమీద కిందివైపు ముక్కను పెట్టండి. తిరగేసిన తరువాత ముందు పెట్టినదే పైన ఉంటుంది, మడత కిందికి చూస్తూ లోపలి దిండును దాచేస్తుంది. చుట్టూ గుండుసూదులు గుచ్చి, కచ్చా కుట్టు వేసి, గుండుసూదులను లెక్కపెట్టి తీసేయండి. ఈ లెక్క చాదస్తం కాదు, ఒక సూది లోపల మిగిలినా ప్రమాదమే.

13. చుట్టూ బఖియా కుట్టు (ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి దించి, ఒక కుట్టు ముందుకు తీసే కుట్టు) వేయండి. కుట్టుదారాన్ని తేనెమైనం మీదుగా లాగి, అంచుకు అర అంగుళం లోపలగా, మూడు మిల్లీమీటర్ల కుట్లతో నాలుగు వైపులా కుట్టండి. ప్రతి జానెడు దూరానికీ ఒకే చోట రెండు కుట్లు వేస్తే, ఒకచోట దారం తెగినా కుట్టంతా విడిపోదు. వెనుక ముక్కలు కప్పుకొనే చోట రెండు పక్కలా ఆ 4 అంగుళాల మేర రెండోసారి కుట్టండి. దిండు దూర్చినప్పుడల్లా బలం పడేది అక్కడే, గలీబులు మొదట చిరిగేదీ అక్కడే. మిషను ఉన్నవారు ఈ ఒక్క దశను మిషను మీద పూర్తిచేసుకోవచ్చు, అది చేతికుట్టు కానుక విలువను ఏమాత్రం తగ్గించదు.

14. మూలలు, అంచులు సరిచేసి తిప్పండి. కుట్టుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో మూలలను ఐమూలగా కత్తిరించండి. పీచు రేగకుండా అంచుల చుట్టూ చుట్టుకుట్టు గాని కాజా కుట్టు గాని వేయండి. గలీబును తిప్పి, మూలలను మొద్దుగా ఉన్న పుల్లతో బయటికి తోయండి. కత్తెర మొనతో తోస్తే ఇంతసేపటి కష్టం ఒక్క చిల్లుతో పోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గలీబును చదునుగా పరిచి రెండు ఐమూలలూ కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే చదరం సరిగ్గా వచ్చినట్టు. పావు అంగుళం తేడా దిండు దూర్చాక కనిపించదు, అర అంగుళం దాటితే మాత్రం ఆ వైపు కుట్టు విప్పి మళ్లీ వేయడం మంచిది. ఆ తరువాత అతుకుకు రెండు వైపులా బట్టను పట్టుకొని మెల్లగా లాగి, వెలుతురుకు ఎదురుగా చూడండి. కుట్ల మధ్య నిచ్చెన మెట్లలా సందులు కనిపిస్తే దారం వదులుగా ఉందన్నమాట. అతుకు వెంట బట్ట ముడుచుకుపోతే దారం మరీ బిగిసింది. అక్షరాల చుట్టూ ముడతలున్నా కారణం ఇదే. ఆ ముడతలు ఇస్త్రీతో పోయాయని సంతోషించకండి, ఒక ఉతుకు తరువాత తిరిగి వస్తాయి. ఆ అక్షరం వరకు విప్పి, దారాన్ని బట్ట మీద పడుకోబెట్టినట్టు మాత్రమే లాగుతూ మళ్లీ కుట్టండి. విప్పేటప్పుడు వెనుకవైపునుంచి చిన్న కత్తెరతో కుట్లను ఒక్కొక్కటిగా తెంచి, ముక్కలను ముందువైపునుంచి లాగాలి. దారాన్ని ఒకేసారి బరబరా లాగితే నేత చెదిరి రంధ్రాలు మిగులుతాయి.

చివరిగా మూడడుగుల దూరాన నిలబడి పేరు చదవగలుగుతున్నారేమో చూడండి. దగ్గరగా చూస్తే కనబడే చిన్న ఎగుడుదిగుడు కుట్లను అలాగే ఉండనివ్వండి. అవి చేతికుట్టుకు సహజం. కానీ ఇచ్చేముందు గలీబును ఒకసారి ఉతికి ఆరబెట్టడం మాత్రం మానకండి. రంగు దిగడం, కొస ఊడడం, అతుకు సందు వదలడం వంటివేవైనా ఉంటే మొదటి ఉతుకులోనే చాలావరకు బయటపడతాయి, అవి మీ ఇంట్లోనే బయటపడాలి.

ఈ పద్ధతితోనే కుట్టగల మరికొన్ని

కాడ కుట్టు చేతికి అలవాటైతే జేబురుమాలు మూలన పేరులోని మొదటి అక్షరం కుట్టడం ఒక పూట పని. అక్కడ ఒకటి లేదా రెండు పోగులే వాడాలి, వెనుకవైపు కూడా కనిపిస్తుంది కనుక కొసలు మరింత జాగ్రత్తగా దాచాలి. కళ్లజోడు సంచికి లోపల మెత్తని గుడ్డ అస్తరు వేయాలి. వంటగదిలో వేడి గిన్నెలు పట్టుకొనే గుడ్డలకు మాత్రం అన్నీ నూలు బట్టలే వాడండి, పాలిస్టరు బట్ట, పాలిస్టరు దూది వేడికి కరిగి చేతికి అంటుకుంటాయి.

గలీబును ఇచ్చేటప్పుడు చిన్న కాగితం మీద "తిరగేసి ఉతకాలి, పిండకూడదు, బోర్లా పెట్టి ఇస్త్రీ చేయాలి" అని రాసి జతచేయండి. దాంతోపాటు వాడిన రంగు దారాలు ఒక్కో మూరెడు, వాటి నంబర్లతో సహా అట్టముక్కకు చుట్టి ఇవ్వండి. కొన్నేళ్ల తరువాత ఏదైనా అక్షరం దగ్గర కుట్టు తెగితే, అదే రంగుతో అక్కడికక్కడే బాగుచేసుకోవడానికి ఆ దారం ఉంటుంది.